నూట నలభై

మూడో మంచం మనిషి మూత్రాన్ని మెజరు గ్లాసులోకి వంపి, జీవరత్నం ఆ గ్లాసును కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తిపట్టింది. పైనుంచి చూస్తే కొలత ఎక్కువ కనపడుతుంది, కిందినుంచి చూస్తే తక్కువ. సరిగ్గా కంటి మట్టానికి తెచ్చి, అంచు కదలకుండా నిలిచేదాకా ఆగింది.

"మూడో మంచం, రెండొందల డెబ్బై" అని కేకేసింది.

వార్డు చివర బల్ల దగ్గర కూర్చున్న కాంపౌండరు ఆంజనేయులు తల ఎత్తకుండానే చార్టులో రాసుకున్నాడు. ఆమె గ్లాసు కడిగి నాలుగో మంచం దగ్గరికి నడిచింది.

జీవరత్నానికి యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. నడుము దగ్గర కొద్దిగా ముందుకు వంగి నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా మంచాల కిందికి వంగి వంగి ఆ ఒంపు అక్కడే నిలిచిపోయింది. ఫినాయిలులో నాని వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. చలికాలం వస్తే ఆ పగుళ్లలోంచి రక్తం చెమరుస్తుంది. అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వచ్చు. గాజు మీద గీతలు చూసి చూసి తనంతట తానే నేర్చుకుంది. అంకెలు చదవడం వచ్చింది గానీ రాయడం రాలేదు, ఎవరూ రాయమనలేదు గనుక.

నరసరావుపేటలో పాత పత్తి గోడౌనుకు సున్నం కొట్టించి, పదకొండు మంచాలు వేసి, డాక్టరు ప్రభాకరరావు ఆసుపత్రి పెట్టి మూడేళ్లయింది. అరవై ఆరో సంవత్సరం డిసెంబరు. క్రిస్మసు ఇంకా పది రోజులుంది. పొద్దున ఏడున్నర అయినా గోడౌను రేకుల మీద మంచు చుక్కలు ఇంకా కారుతూనే ఉన్నాయి.

ఏడో మంచం దగ్గరికి వచ్చేసరికి జీవరత్నం అడుగు నెమ్మదించింది.

ఆ మంచం మీది మనిషి పేరు పున్నయ్య. నాదెండ్ల అవతల ఒక పల్లెలో కూలి. ముప్పై అయిదేళ్లుంటాయి. వేరుశనగ పీకుతుంటే రక్తపింజర కాటేసింది. ఒక రోజంతా మంత్రం వేసేవాడి దగ్గర పోయింది. రెండో రోజు భార్య భుజం మీద చెయ్యేసుకుని, కుంటుతూనే అయినా తన కాళ్ల మీద తానే నడిచి ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరు విషానికి ఇంజెక్షన్లు చేశాడు. చిగుళ్లలోంచి కారే రక్తం ఆగింది. ఆ మర్నాటినుంచి మూత్రం ఆగిపోయింది. ఇప్పుడు ఎడమ కాలు మోకాలిదాకా నల్లబడి నిగనిగలాడుతోంది. ముఖం ఉబ్బి, కళ్లు సన్నని చీలికలయ్యాయి.

మంచం కింద ఎనామిల్ డబ్బా తీసి చూసింది జీవరత్నం. రాత్రంతా కలిపి అడుగున ఇంత. మరగకాచిన కషాయంలా నల్లగా ఉంది.

"ఏడో మంచం, ముప్పై" అంది.

పున్నయ్య భార్య తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఆ మాట విన్నది. పాతికేళ్లు దాటని పిల్ల. మూడు రోజులుగా మంచం వదల్లేదు.

"ముప్పయ్యంటే మంచిదా పెద్దమ్మా?"

"డాక్టరు గారొచ్చి చెబుతారు లేమ్మా" అంది జీవరత్నం.

ఎనిమిదింటికి డాక్టరు వచ్చాడు. ముప్పై రెండేళ్లవాడు. మద్రాసులో చదువుకుని వచ్చాడు, ఏ పనైనా చేతికి నిప్పంటుకున్నట్టు గబగబా చేస్తాడు. సంచిలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు. నిన్న మనిషిని పంపి గుంటూరు నుంచి తెప్పించినవి.

ఆంజనేయులు ఒక సీసా ఎత్తి చూసి, "ఏంది సార్, దీంట్లో కలకండ కట్టింది!" అన్నాడు.

"మానిటాల్. ఒక రకం చక్కెరే. చలికి ఇట్లా పలుకు కడుతుంది. వేడినీళ్లలో పెట్టి, ఒక్క పలుకు కూడా లేకుండా కరిగించి, ఒంటి వేడికి చల్లారాక ఎక్కించాలి. జీవరత్నం, స్టవ్ మీద నీళ్లు పెట్టు."

ఆమె నీళ్లు పెట్టింది. సీసాకు గుడ్డ చుట్టి గిన్నెలో నిలబెట్టి, మెడ పట్టుకుని మెల్లగా తిప్పుతూ కూర్చుంది. డాక్టరు పక్కనే నిలబడి ఆంజనేయులుకు చెబుతున్నాడు.

"జాగ్రత్తగా విను. ఇది రక్తంలోకి పోగానే కండల్లో, చర్మం కింద ఉన్న నీళ్లను తనవైపు లాక్కుంటుంది. ఇది ఎటు పోతే నీళ్లు అటు పోతాయి. మూత్రపిండాలు ఇంకా పనిచేస్తుంటే వాటిలోంచి జారి, లాగిన నీళ్లను వెంటబెట్టుకుని మూత్రంగా బయటికి పోతుంది. ధారగా వస్తుంది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే మాత్రం బయటికి దారి లేదు. ఆ నీళ్లన్నీ రక్తంలోనే ఉండిపోతాయి. అంత నీటిని గుండె తోడలేదు. చివరికి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మనిషి మంచం మీదే మునిగి చచ్చిపోతాడు."

"అయితే ఎట్టా తెలుసుద్ది సార్?"

"మూత్రమే చెబుతుంది. ఒక సీసా పెట్టి చూద్దాం. తొమ్మిదింటినుంచి పన్నెండు దాకా కొలవండి. నూట ఇరవై దాటిందా, దారి తెరుచుకున్నట్టే, రెండోది ఎక్కించు. దాటలేదా, ముట్టుకోవద్దు. నేను గురజాల పోతున్నాను, పురిటి కేసు అడ్డం తిరిగిందట. సాయంత్రానికి వస్తాను. దాటకపోతే రేపు గుంటూరు పంపిద్దాం. ఇంకొకటి, దాహం దాహం అంటాడు. ఒంట్లో నీళ్లు లాగేస్తుంటే దాహం కాకేమవుతుంది. పెదాలు తడపండి. తాగించొద్దు."

ఆంజనేయులు "సరే సార్, సరే సార్" అంటూనే ఉన్నాడు. అతని చూపు వాకిట్లో సైకిలు మీదుంది. జీవరత్నం మాత్రం ప్రతి మాటా విన్నది. మామిడికాయ ముక్కల మీద ఉప్పు చల్లి జాడీ మూతపెడితే తెల్లారేసరికి ముక్క ముడుచుకుపోయి జాడీ నిండా ఊట ఊరడం ఆమెకు తెలుసు. ఊట వంచుకోకపోతే జాడీ పొంగి పోతుంది. ఇందులో అర్థం కాకపోవడానికి ఏమీ కనపడలేదు.

మొదటి సీసా తొమ్మిదికి అయిపోయింది. డాక్టరు కారెక్కి వెళ్లిపోయాడు.

పదింటికి జీవరత్నం కొలిచింది. పదిహేను. పదకొండింటికి పది. రంగు మారలేదు, అదే కషాయం.

"ఇరవై అయిదేనా?" అన్నాడు ఆంజనేయులు. లేచి వచ్చి పున్నయ్య పొట్ట మీద వేలితో నొక్కి చూసి, తిరుపతమ్మ వైపు తిరిగాడు. "ఏమే, నీ మొగుడు పన్నెండింటికల్లా నూట ఇరవై పొయ్యాలి. అప్పుడే రెండో సీసా. లేకపోతే రేపు గుంటూరు తీసుకుపోవాల్సిందే. బండి మాట్లాడుకో."

"గుంటూరు యాడికని తీసుకుపోను బాబయ్యా? నాకెవురున్నారక్కడ?"

"అది నాకెట్టా తెలుసు? నీళ్లు పడితే బతుకుతాడు, పడకపోతే లేదు. అంతే."

అతను వెళ్లిపోయాడు. తిరుపతమ్మ మొగుడి ముఖంకేసి చూస్తూ ఉండిపోయింది. పున్నయ్య నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకోబోయాడు, తడి లేదు.

"నీళ్లియ్యవే" అన్నాడు. "ఒక్క గుక్క."

జీవరత్నం దూది తడిపి అతని పెదాల మీద అద్దింది. అతను ఆ దూదిని చప్పరించాడు. ఇంకా ఇంకా అన్నట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు అతుక్కున్న చోట ఆమె చర్మం మీద తెల్లని గుర్తులు పడ్డాయి.

పదకొండు దాటాక ఆమె పెరట్లో దుప్పట్లు ఉడకేసింది. బకెట్టు పక్కన కూర్చుని కాసేపు చేతులు వెచ్చబెట్టుకుంది. కూతురు లీలావతి రాజుపాలెంలో పంతులమ్మ. ఈ చేతులతోనే చదివించింది. అత్తగారింట్లో మా అమ్మ నరుసు అని చెప్పింది ఆ పిల్ల. పోయిన క్రిస్మసుకు వెళితే వాకిట్లోనే ఆపి, "ఆ చీర మార్చుకుని రావమ్మా, వాసనొస్తంది" అంది. మార్చుకున్నదే అది. వాసన చీరలో లేదు.

పన్నెండు కొట్టగానే వార్డులోకి వచ్చి ఏడో మంచం కింది డబ్బా చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. సగం దాకా నిండి ఉంది.

ఒక్క క్షణం ఆమె గుండె తేలికపడింది. వెంటనే చేతికి చల్లగా తగిలింది.

ఒంట్లోంచి వచ్చిన నీరు వెచ్చగా ఉంటుంది. ఎంత చలిలోనైనా ఎనామిల్ డబ్బాకు ఆ వెచ్చదనం కాసేపు ఉంటుంది. ముప్పై ఏళ్లలో లెక్కలేనన్ని డబ్బాలు ఎత్తిన చెయ్యి అది. ఇది గుమ్మం దగ్గర కుండలో నీళ్లంత చల్లగా ఉంది. మూత తీసి చూసింది. పొద్దుటి నలుపు లేదు. పలచని తేనీటి రంగు. వాసన కూడా అంతంత మాత్రమే.

తల ఎత్తింది. తిరుపతమ్మ ఎదురుగా నిలబడి ఉంది. పమిట కొంగు తడిసి చేతికి అంటుకుంది.

"పడ్డయ్ పెద్దమ్మా" అంది ఆ పిల్ల. "నీళ్లు పడ్డయ్."

జీవరత్నం ఆ తడి కొంగు వైపు చూసింది.

తిరుపతమ్మ దగ్గరికి వచ్చి ఆమె మోచేయి పట్టుకుంది. "చెప్పమాక పెద్దమ్మా. నీ కాళ్లు మొక్కుతా. ఆ రెండో సీసా ఒక్కటి ఎక్కనీ. ఆ సీసా ఎక్కితే బతుకుతాడు."

"పిచ్చిదానా, మూత్రం పడకుండా అది ఎక్కిస్తే..."

"ఏందే అక్కడ గుసగుసలు?" బల్ల దగ్గరినుంచి ఆంజనేయులు అరిచాడు. "పన్నెండయింది. ఎంత?"

జీవరత్నం గ్లాసులోకి వంపింది. కంటి మట్టానికి ఎత్తింది. చెయ్యి అలవాటు కొద్దీ నిలకడగానే ఉంది.

"అయ్యా, ఇది చల్లగా ఉందయ్యా" అంది.

"చలికాలం చల్లగా ఉండక మరుగుతా ఉంటదా? నేనడిగిందేంది? ఎంత?"

వెనక్కు ఎనిమిదేళ్లు పోయింది ఆమె మనసు. అప్పుడు వేరే ఊళ్లో, వేరే పెద్ద ఆసుపత్రిలో ఉండేది. ఒక బాలింతకు రక్తం ఆగడంలేదు, కాగితం మీద రాసినదానికంటే చానా పోతోందని డాక్టరమ్మకు చెప్పింది. బాలింత బతికింది. ఆ కాగితం రాసిన నర్సు పదిమందిలో తలవంచుకోవలసి వచ్చింది. మూడో రోజు జీవరత్నం ఉద్యోగం పోయింది. తొమ్మిది నెలలు మిరప కోతకు పోయింది. కాయల ఘాటుకు కళ్లు వాచి, లీలావతి పరీక్ష రుసుముకు చెవుల కమ్మలు పోయి, నువ్వు చెప్పింది నిజమే అని ఒక్కరూ అనగా వినలేదు.

తనను ఎవరూ ఏం చూశావు అని అడగలేదు. ఎంత అని అడుగుతారు.

"నూట నలభై" అంది జీవరత్నం.

అంకె అబద్ధం కాదు. గాజు మీద గీత అక్కడే ఉంది.

"అదీ! మందంటే అదీ!" అన్నాడు ఆంజనేయులు, రాసుకుంటూ. అతనూ సంతోషించాడు. "మొత్తం నూట అరవై అయిదు. రెండోది వేడి చెయ్యి."

ఆమె వేడి చేసింది. గిన్నెలో నీళ్లు కాగుతుంటే సీసా మెడ పట్టుకుని తిప్పుతూ కూర్చుంది. పలుకులు ఒకదాని వెంట ఒకటి కరిగిపోతున్నాయి. చెయ్యి జారితే చాలు. గచ్చు మీద పడితే ముక్కలవుతుంది. చేతకాని ముసలిది అని తిడతాడు, అంతకంటే ఏమీ కాదు. రెండుసార్లు ఆ ఆలోచన వేళ్లదాకా వచ్చింది. ముప్పై ఏళ్లలో ఒక్క సీసా పగలగొట్టని వేళ్లు అవి. పట్టు వదల్లేదు. ఏమో, ఆ డబ్బాలో కొంతైనా అతనిదేనేమో అనుకుంది. కొంత కాదు, చానానే అతనిదేమో. అలా అనుకుంటూ గుడ్డతో సీసా తుడిచి తెచ్చి ఆంజనేయులు చేతికిచ్చింది.

ఒంటిగంటకు సీసా వేలాడదీశాడు. తిరుపతమ్మ చేతులు రెండూ జోడించి చుక్క చుక్కనూ చూస్తూ కూర్చుంది.

రెండు గంటలకు పున్నయ్య మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి. పడుకోలేకపోతున్నానని లేచి కూర్చున్నాడు. రెండున్నరకు ఊపిరి తీస్తుంటే లోపల బుడబుడమని చప్పుడు వినిపించింది. అయినా చెయ్యి గుమ్మం దగ్గర కుండ వైపే చాపి, "నీళ్లు" అంటున్నాడు.

జీవరత్నం చేతిలో చీపురు వదిలేసి బల్ల దగ్గరికి నడిచి గొంతు తగ్గించింది.

"ఆపండయ్యా. ఆ నీళ్లు ఆయనవి కావు. ఆ పిల్ల కలిపింది."

ఆంజనేయులు మొదట అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. పరుగెత్తి సూది లాగేశాడు. సీసాలో అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. దిండ్లు ఎత్తు పెట్టాడు, ఏదో ఇంజెక్షను చేశాడు. తర్వాత ఆమెను మందుల గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఇప్పుడా చెప్పేది?"

"చల్లగా ఉందని చెప్పా గదయ్యా."

"చల్లగా ఉందంటే ఏంది అర్థం? నోరు తెరిచి చెప్పలేవా?" అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. "చూడు. ఈ మాట ఈ గది దాటిందా, ముందు నీ ఉద్యోగం పోద్ది. తర్వాత నాది. ఆ పిల్ల మీద పోలీసు కేసు పెడతారు. మొగుణ్ణి చంపుకున్నదంటారు. నీ ఇష్టం."

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

అయిదింటికి పున్నయ్య నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది. జీవరత్నం గుడ్డతో తుడిచింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తుడిచింది. వార్డులో దీపం వేసే వేళకు అతను తిరుపతమ్మ భుజం మీద తల వాల్చాడు. ఆ పిల్ల నిద్రపట్టిందనుకుని కదలకుండా కూర్చుంది. చప్పుడు ఆగిపోయిందని జీవరత్నానికి తెలిసింది. చెప్పడానికి కాస్త ఆగింది.

డాక్టరు వచ్చేసరికి ఆరయింది. బూట్లు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. గురజాలలో తల్లీ బిడ్డా దక్కారట, ఆ సంతోషం ముఖం మీద ఇంకా ఆరలేదు. చార్టు తీసుకుని దీపం కిందికి పట్టాడు. రెండుసార్లు చదివాడు.

"పన్నెండింటికి నూట నలభై వచ్చింది. దారి తెరుచుకుంది. మరి ఎందుకిలా అయింది?" తనలో తానే అనుకుని, "గుండె అయి ఉంటుంది. విషం గుండెకు పట్టి ఉంటుంది" అన్నాడు. తర్వాత తల ఎత్తి, "జీవరత్నం, నువ్వే కొలిచావా?" అని అడిగాడు.

ఆంజనేయులు కిటికీ బయటికి చూస్తున్నాడు.

"నేనేనయ్యా."

"సరిగ్గా కొలిచావా?"

"సరిగ్గానే కొలిచానయ్యా."

ఆయన తల పంకించాడు. "నువ్వు కొలిస్తే తప్పుండదు" అన్నాడు. మూడేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మీదట కలం తీసి చావు కాగితం రాశాడు.

బండి వచ్చింది. పల్లెనుంచి వచ్చిన ఇద్దరు మనుషులు పున్నయ్యను దుప్పటిలో చుట్టి మోసుకుపోయారు. తిరుపతమ్మ వాళ్ల వెనక నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి, జీవరత్నం కాళ్ల మీద పడింది.

"నువ్వు చెప్పలా పెద్దమ్మా. నువ్వు చెప్పినట్టయితే ఆ రెండో సీసా కూడా ఎక్కేది కాదు. నా శాయశక్తులా చేశా. ఆ తృప్తన్నా మిగిలింది నాకు."

జీవరత్నం నోరు తెరిచింది. తన పాదాల మీద ఉన్న ఆ పిల్ల వేళ్లు మంచులా ఉన్నాయి. చెబితే ఈ పిల్ల ఏ బావిలోనో దూకుతుంది. చెప్పకపోతే బతికినంత కాలం తనను తలుచుకుని దణ్ణం పెడుతుంది. రెంటిలో ఏది తనకు పడ్డ శిక్షో ఆమెకు తేలలేదు.

"లేమ్మా. బండి పోతంది" అంది.

బండి చప్పుడు రైలు స్టేషను గేటు దాటేదాకా వినిపించింది. ఆంజనేయులు సైకిలెక్కి ఇంటికి పోయాడు. పోతూ పోతూ, "ఏడో మంచం కడిగెయ్. పొద్దున్నే క్రోసూరు నుంచి కేసు వస్తంది" అన్నాడు.

ఆమె పరుపు మడిచి బయట వేసింది. ఇనప పట్టీలను ఫినాయిలు గుడ్డతో తుడిచింది. పగుళ్లు చురుక్కుమన్నాయి. ఎనిమిదో మంచం ముసలాయన మూలిగితే వెళ్లి డబ్బా పెట్టి, ఆగి, తీసి, వెలుతురుకు ఎత్తి చూసింది. నూట పది. కేకేయడానికి బల్ల దగ్గర ఎవరూ లేరు. అంకెను మనసులో పెట్టుకుని డబ్బా కడిగింది.

గదిలో వాసన పోవడానికి ఏడో మంచం పక్కనున్న కిటికీ తలుపు తెరవబోయింది. అది సగంలో ఆగింది. చువ్వకూ చట్రానికీ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. వేలితో తడిమి చూస్తే చుట్ట. పున్నయ్య నడిచి వచ్చిన రోజు డాక్టరు కంట పడకుండా ఆర్పి పెట్టుకున్నది కాబోలు. సగమే కాలింది. కాలిన చివరను గోటితో శుభ్రంగా గిల్లేసి, పొగాకు విడిపోకుండా ఒక దారప్పోగు చుట్టి, మళ్లీ వెలిగించుకోవడానికి వీలుగా పెట్టి ఉంది.